సిలువ మీద మూడో వరుస

పోయిన శనివారం ఆయన్ను మద్రాసు పెరంబూరు సమాధుల తోటలో పెట్టి వచ్చాం. ప్రార్థన ముగించి పాస్టరయ్య "మాస్టారు రెండు మాటలు చెబుతారు" అన్నాడు. నేను ముందుకు వెళ్ళి నిలబడ్డాను. మాట రాలేదు. కాసేపు అలాగే నిలబడి వెనక్కి వచ్చేశాను. ఎవరూ తప్పు పట్టలేదు. సమాధుల దగ్గర చెప్పే మాటల మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువే గాని, ఆ రోజు మాట రాకపోవడానికి కారణం అది కాదు. చెప్పవలసింది రెండు మాటల్లో పట్టేది కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. మా పేటలో చాలామందికి అది తెలియదు కూడా. చిన్నా పెద్దా అందరూ పెయింటరు తాత అనేవారు. రైల్వే క్యారేజీ వర్క్‌షాపులో ముప్పైయేళ్ళు బోగీల మీద అక్షరాలు రాసిన మనిషి. వాళ్ళ నాయన నెల్లూరు పక్కనుంచి కరువులో వచ్చి షాపులో కూలిగా చేరాడట. ఈయన తెలుగు మూడో తరగతి దాకా చదువుకున్నాడు. ఇంగ్లీషు, తమిళం, హిందీ అక్షరాలు బొమ్మలుగానే వచ్చు. ఇంగ్లీషులో తను రాసేది తనకు చదవడం రాదని ఒకసారి చెబితే నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"అక్షరాన్ని చదవకూడదు అయ్యోరా, చూడాల. చదివేవోడు తొందర పడతాడు. ఈ మాటేందో తెలిసిపోయింది గదా అని కడకు ఉరుకుతాడు. నాకు తెలవదు గాబట్టి ఒక్కోటీ నిదానంగా వస్తాది."

బడిలో పాఠం చెప్పే నాకు ఆ మాట నచ్చలేదు. తరువాత చాలాసార్లు గుర్తు వచ్చింది.

ఆయన రాతలో ఒక పద్ధతి ఇక్కడే చెప్పాలి. మరమ్మతుకు వచ్చిన ప్రతి బోగీ చివర గోడ మీద మూడు వరుసలు రాస్తారు. షాపుకు వచ్చిన తేదీ ఒకటి, పని ముగిసి బయటికి వెళ్ళిన తేదీ ఒకటి. మూడోది 'రిటర్న్ డేట్'. అంటే ఆ బోగీ మళ్ళీ ఏ రోజుకు షాపుకు తిరిగి రావాలో ఆ తేదీ. మొదటి రెండూ తేదీలతో సహా ఆయనే రాసేవాడు. మూడో వరుసలో మాత్రం ఆ రెండు మాటలూ రాసి పక్కన ఖాళీ వదిలేవాడు. ఇన్‌స్పెక్టరు బోగీని కింద నుంచి పైదాకా చూసి తేదీ చెప్పాకే ఆ ఖాళీ నిండేది. షాపువాళ్ళు దాన్ని రిటర్ను అంటారు. పెరంబూరులో ఆ మాట తెలియని ఇల్లు లేదు.

పొడుగాటి మనిషి. మెడ ఎప్పుడూ కొంచెం ముందుకు వంగి ఉండేది. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని వచ్చినా ఒంటి నుంచి రంగులో కలిపే అవిసె నూనె వాసన పోయేది కాదు. గుడిలో ఆయన పక్క చోటు మాత్రం ఎప్పుడూ ఖాళీగా దొరికేది. నేను ఆలస్యంగా వెళ్ళేవాణ్ణి కాబట్టి చాలా ఆదివారాలు అక్కడే కూర్చున్నాను. పాట పాడేటప్పుడు ఆయన పుస్తకం తెరిచి పట్టుకునేవాడు గాని అందులోకి చూసేవాడు కాదు. గొంతు బాగుండదు. అయినా చివరి చరణం దాకా వదిలేవాడు కాదు.

స్టేషన్లో ఆయనతో నిలబడితే బండి ఎక్కడం కష్టం. బండి వచ్చి ఆగగానే తలుపు వైపు కాకుండా బోగీ చివరికి నడిచి వెళ్ళేవాడు. అక్కడ రాసి ఉన్నది చూసి, "ఇది మనదే. వచ్చే ఆవణి నెలకి ఇంటికొస్తాది" అని సంతోషపడేవాడు. అంతలో బండి కదిలిపోయేది. ఒకసారి టి. నగర్‌లో పెళ్ళికి వెళ్ళాలి. ఇలాగే రెండు బండ్లు పోగొట్టుకున్నాం. మా ఆవిడ ప్లాట్‌ఫారం మీద నిలబడి, "తాతా, తాళి కట్టేసుంటారు. మనం పోయేది ఆకులెత్తేదానికా?" అంది. పక్కనున్న మా పాప పడీపడీ నవ్వింది.

అప్పుడు మా పాప ఉంది.

తిరిగి వచ్చిన బోగీల గురించి చెప్పేటప్పుడు ఆయన ముఖం మారేది. "వచ్చేటప్పుడు చూడాల అయ్యోరా. రేకు చొట్టలు, పెయింటు లేచిపోయి, కిటికీలు ఇరిగి. ఇదా మనం పంపించింది అనిపిస్తాది. ఈయనేమో దాన్ని పారెయ్యడు. విప్పి, కడిగి, మళ్ళీ నిలబెడతాడు." ఈయన అంటే ఫోర్‌మెనా, దేవుడా అని నేను అడగలేదు.

ప్రతి కోతపండుగకూ గుడిలో సాక్ష్యాలు చెప్పమంటారు. ఒక్కొక్కరూ లేచి, జబ్బు నయమైన సంగతీ, కొడుక్కి ఉద్యోగం వచ్చిన సంగతీ చెబుతారు. ఆయన కూడా ప్రతి ఏడూ లేచేవాడు. ప్రతి ఏడూ ఒకే మాట. "నేను కనిపెట్టుకోని ఉండాను." ప్రభువు కోసం ఎదురుచూస్తున్నానని అర్థం. అంతే, కూర్చునేవాడు. వెనక వరుసలో కుర్రకారు ముందే పందెం వేసుకునేవారు, ఈసారైనా ఇంకో మాట కలుపుతాడా అని. ఒకసారి గుడి బయట ఫిట్టరు కుర్రాడొకడు పట్టుకున్నాడు.

"ఎన్నేండ్లు కనిపెట్టుకోని ఉంటావు తాతా? బస్సయితే ఈపాటికి ఇంకోటి పట్టుకోని పోయుంటావు."

"బస్సయితే పోతా నాయనా. ఈడ నిలబడమని చెప్పినోడు బస్సు కండక్టరు కాదు గదా."

నాకు ఆ సాక్ష్యం చాలా పేదగా తోచేది. భార్యా, ఒక్కగానొక్క కొడుకూ ఒకే వానాకాలంలో కలరాతో పోయిన మనిషి అది చెబుతున్నాడని నాకు తెలుసు. తెలిసి కూడా అలాగే అనుకున్నాను. నేను చదువుకున్నవాణ్ణి. నాకు కారణాలు కావాలి.

సమాధుల తోటలో మా సంఘంవాళ్ళ సిలువల మీది అక్షరాలన్నీ ఆయన చేతివే. పాత బోగీల టేకు పలకలతో సిలువ చేయించి, తెల్ల రంగు మూడు పూతలు వేసి, నల్లటి అక్షరాలు రాసేవాడు. పైన పేరు, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. ఈస్టరు ముందు రోజు సాయంత్రం అందరూ తోటకు వెళ్ళి, గడ్డి పీకి, సమాధులకు సున్నం వేస్తారు. ఆ ఏడాదిలో పోయినవాళ్ళకు ఆ రోజే సిలువ నిలబెడతారు. మర్నాడు తెల్లవారకముందే సంఘమంతా అక్కడికి వచ్చి పునరుత్థాన గీతం పాడుతుంది. మా తాతల కాలం నుంచీ ఇదే ఆచారం.

మా పాపకు ఆరేళ్ళు నిండాయి. మే నెలలో గొంతు నొప్పి అంది. కంఠసర్పి. నాలుగో రోజు పోయింది.

ఆ తరువాత ఇంటికి వచ్చినవాళ్ళు చాలా చెప్పారు. దేవుడు మంచి పువ్వులనే ముందు కోసుకుంటాడని ఒకరు అన్నారు. మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. పెయింటరు తాత కూడా వచ్చాడు. వరండాలో కూర్చున్నాడు. నేను ఇచ్చిన కాఫీ తాగాడు. లేచి, "పోయొస్తా" అన్నాడు. మర్నాడు షాపు సైరను కూత వేశాక మళ్ళీ వచ్చాడు. అలా రెండు నెలలు దాదాపు ప్రతి సాయంత్రమూ వచ్చి కూర్చున్నాడు. ఒక్క ఓదార్పు మాట చెప్పలేదు. వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ లోపలి తలుపు వైపు చూసి, "అమ్మణ్ణీ, నేనొచ్చినా", "అమ్మణ్ణీ, నేను పోతా ఉండా" అనేవాడు. లోపలి నుంచి జవాబు ఉండేది కాదు.

మా ఆవిడ పాప పేరు ఎత్తడం మానేసింది. నేను ఎత్తితే లేచి వెళ్ళిపోయేది. పలక, గౌన్లు, జడకుప్పెలు మూటగట్టి అటక మీద పెట్టింది. సమాధి దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు. తిండి తగ్గిపోయింది. పిలిస్తే పలికేది గాని ఆ పలుకు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుండేది. డాక్టరు చూసి, "ఒంట్లో ఏ జబ్బూ లేదు. కాని ఇట్లాగే ఉంటే ఎక్కువ రోజులు లాగదు" అన్నాడు. బిడ్డ పోయింది, ఈమె కూడా నా కళ్ళ ముందే పోతుందేమో అని నేను ప్రతి రోజూ భయపడ్డాను. ప్రార్థన చేయాలని కూర్చుంటే నాకు కోపం వచ్చేది. ఆ కోపం ఎవరి మీదో నాకు తెలుసు. దాన్ని ఆ దేవుడికే చెప్పవచ్చని అప్పటికి తెలియదు.

ఈస్టరు దగ్గర పడింది. ఆ వారం గురువారం సాయంత్రం తాత వచ్చి, సిలువ మీద ఏ పేరు రాయాలని అడిగాడు. నేను నోరు తెరిచేలోపల మా ఆవిడ వంటింటి గడపలోకి వచ్చింది.

"పేరు వద్దు."

"సిలువ మాత్రం పెడదామా అమ్మణ్ణీ?"

"ఈయనకు కావాలంటే పెట్టుకోమను. పేరు రాస్తే అయిపోయినట్టే. నేను ఒప్పుకోను."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. తాత చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. "సరేమ్మా. పైన చోటు వదుల్తా" అన్నాడు. మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. "శనివారం నువ్వు రావాల. సిలువ నిలబెట్టేటప్పుడు పది అడుగుల దూరంలో ఒక మనిషి నిలబడి నేరుగా ఉండేదీ వంకరగా ఉండేదీ చెప్పాల. అయ్యోరి చూపు పుస్తకాల మింద బాగుంటాది. దీనికి పనికిరాదు."

శనివారం నేను బయలుదేరుతుంటే మా ఆవిడ చెప్పులు తొడుక్కుని నా వెనకే వచ్చింది.

తోటలో అప్పటికే ముప్పై నలభై మంది ఉన్నారు. సున్నం బక్కెట్లు, పలుగులు, పిల్లల గోల. తాత గోనెసంచిలో చుట్టిన సిలువ భుజాన పెట్టుకుని వచ్చాడు. గుంట తీసి ఉంది. సంచి విప్పి, సిలువను గుంటలో నిలబెట్టి, మట్టి కొట్టడం మొదలుపెట్టాడు. మా ఆవిడ దూరంగా నిలబడింది. "కుడిపక్క కొంచెం దిగింది" అంది. ఆయన సర్దాడు. "ఇప్పుడు సరిపోయింది" అంది. ఎన్నో నెలలకు ఆమె ఒక పని మీద మాట్లాడటం విన్నాను.

అప్పుడు సంఘ పెద్ద అటు వచ్చాడు. ఆయన కూడా షాపు మనిషే, పనివాళ్ళ మీద ఛార్జిమాను. సిలువ ముందు ఆగి, వంగి చూశాడు.

"ఏం తాతా, బోగీ అనుకుంటివా? పసిబిడ్డ సిలువ మింద రిటర్ను వేసినావే!"

నేనూ వంగి చూశాను. పైన పేరు చోటు ఖాళీగా ఉంది. దాని కింద పుట్టిన తేదీ తెలుగులో ఉంది. దాని కింద పోయిన తేదీ. ఆ కింద మూడో వరుసలో, అంతే శ్రద్ధగా, అంతే నల్లగా, ఇంగ్లీషు అక్షరాల్లో 'రిటర్న్ డేట్' అని ఉంది. పక్కన ఖాళీ.

వెనకనుంచి ఎవరో నవ్వారు. తాత సిలువ వైపు చూశాడు. ఆ చూపును నేను మరిచిపోలేను. తన ఇంటికి వచ్చి అది తన ఇల్లు కాదని తెలుసుకున్నవాడిలా చూశాడు.

"అయ్యో... చెయ్యి పోయింది. రెండు తేదీలు రాసినాక చెయ్యి దాని పాటికి అదే పోయింది. నేను చూసుకోలేదు. అయ్యోరా, నేను చూసుకోలేదు."

"తుడిచెయ్యప్పా, తుడిచెయ్. రేపు పొద్దున్నే సంఘమంతా ఈడ నిలబడతాది" అన్నాడు పెద్ద.

"తుడిచెయ్యండి" అని నేను కూడా అన్నాను. నా గొంతులో కోపం ఉంది. నా బిడ్డ నలుగురిలో నవ్వులపాలైందని నాకు అనిపించింది.

తాత సంచిలోంచి టర్పెంటైను సీసా తీసి, పాతగుడ్డ తడిపాడు. నేల మీద మోకాళ్ళు ఆనించి గుడ్డ ఆ వరుస దగ్గరికి తెచ్చాడు. అంతలో మా ఆవిడ వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. ఆమె ఫిట్టరు కూతురు. ఇంగ్లీషు రాదు గాని ఆ అక్షరాలను పుట్టినప్పటినుంచీ చూస్తూనే ఉంది.

"ఇది రిటర్ను కదా?"

"అవునమ్మా. తప్పయిపోయింది. తుడిచేస్తా."

"తేదీ ఎందుకు వెయ్యలా?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఎగతాళి కాదని తెలుసుకోవడానికి కొంత సమయం పట్టింది.

"తేదీ నేనెయ్యనమ్మణ్ణీ. ఎప్పుడూ నేనెయ్యలా. రాసి, చోటు వదిలేదే నా పని. తేదీ చెప్పేవోడు వేరే ఉండాడు."

"చెప్తాడా?"

"షాపులో చెప్పకుండా ఇడిచిపెట్టిన బండి ఒక్కటి లేదు."

"నేను బండ్ల సంగతి అడగలా తాతా."

"తెలుసమ్మా." ఆయన గుడ్డ కింద పెట్టాడు. తోట మూలకు చెయ్యి చూపించాడు. "నా ఇంటిది ఆడ ఉండాది. దాని పక్కనే నా బిడ్డ. వాళ్ళ సిలువలు నేనే రాసినా. రాసిన రోజు, ఇంక ఇంతేనా అని ప్రభువును అడిగినా. తిట్టినా కూడా. నాకేం గొంతు వినపడలా. ఒకటే తోచింది. ఆయన ఒకసారి ఇట్లాంటి గుంటలోనించే లేచి వచ్చినాడు గదా. రేపు పొద్దున మనం పాడేది దాని గురించే గదా. అది అబద్ధమైతే మనమందరం పిచ్చోళ్ళం. నిజమైతే, వచ్చినాయన మనోళ్ళని ఈడ్నే వదిలేసి పోడు. వాళ్ళని పిలుస్తాడు. నేను నిజమనే నమ్మినా. ఎప్పుడు అంటే నాకు తెలవదు. తెలిసిందానికి మించి చెప్తే పాపం."

మా ఆవిడ నిలబడే ఉంది. సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు.

"అదంతా సరేమ్మా. అట్లని సిలువ మింద షాపు రాతలు..."

"మీ బండ్లకు రాస్తారు. నా బిడ్డకు రాస్తే తప్పా?" అంది మా ఆవిడ.

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

నా సంగతి కూడా చెప్పాలి. ఆశ గురించి నేను చాలా చదివాను. ఆశ ఉండాలంటే ఎప్పుడు, ఎలా అన్నవి తెలియాలనుకునేవాణ్ణి. అవి తెలియవు గనక నాకు ఆశ లేదని తీర్మానించుకున్నాను. ఆ సాయంత్రం నా ముందు మోకరించిన ముసలివాడికి నాకంటే ఎక్కువ ఏమీ తెలియదు. ఆయన తన వంతు రాసి, మిగిలిన చోటు ఇంకొకరి చేతికి వదిలిపెట్టాడు. ఆ ఇంకొకరు ఉన్నారని నమ్మాడు. ముప్పైయేళ్ళు ఆ నమ్మకంతోనే లేచాడు, పనికి వెళ్ళాడు, తిన్నాడు, పక్కింటివాళ్ళ బాధల్లో కూర్చున్నాడు. ఆ ఒక్క వాక్యపు సాక్ష్యం ఎందుకు పెరగలేదో నాకు అప్పుడు తెలిసింది. నేను కూడా నేల మీద కూర్చున్నాను. చాలా నెలల తరువాత, కోపంతోనే, దేవుడితో మాట్లాడాను. అది ప్రార్థనే అని ఇప్పుడు తెలుసు.

మా ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పైన చోటుంది కదా తాతా?"

"ఉంది."

"రంగు తెచ్చినావా?"

ఆయన సంచిలోంచి నల్లరంగు డబ్బా, కుంచె తీశాడు. డబ్బా మూత తీసి, కుంచె ముంచి, అంచుకు ఒత్తి పట్టుకున్నాడు.

"వాళ్ళ నాయన ఒక పేరు పెట్టినాడు. నేను చిట్టీ అని పిలిచేది. ఏది రాసేది?" అంది.

"పొద్దున ఏమని పిలిస్తే లేస్తాదమ్మా?"

ఆమె పెదవులు కదిలాయి. నవ్వో ఏడుపో చెప్పలేను.

"చిట్టీ అంటే యాడ లేస్తాది? ఇంకొంచేపమ్మా అని అటు తిరిగి పడుకుంటాది. బడికి టైమవతా ఉంటే అసలు పేరు పెట్టి గట్టిగా అరవాల. అప్పుడు లేచి కూర్చుంటాది."

"అయితే అదే రాద్దాం. పిలువు, రాస్తా."

ఆమె సిలువ వైపు తిరిగింది. తరువాత, "కరుణా" అంది. పొద్దున బడికి లేపేటప్పుడు పిలిచేంత గట్టిగానే అంది. దూరంగా సున్నం వేస్తున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు.